గమనించే కన్నుకు విశ్రాంతి
ప్రాథమిక ఉపాధ్యాయుల వృత్తి వికాసం – లిమరిక్ నుంచి కొన్ని పాఠాలు

“బతకలేక బడిపంతులు” అన్న సామెత తెలుగునాట తరతరాలుగా వినబడుతున్నది. వేరే పని దొరకనివాడే పంతులవుతాడనీ, అయినా ఆ జీతంతో అతడికి పూట గడవదనీ ఆ సామెతలోని ఎత్తిపొడుపు. ఐర్లండ్‌లో ప్రాథమిక ఉపాధ్యాయునికి లభించే జీతానికి, గౌరవానికి ఆ ఎత్తిపొడుపు అంటదు. అయితే “బతకడం” అన్న మాటకు మరొక అర్థం చెప్పుకుంటే ప్రశ్న మళ్ళీ తలెత్తుతుంది. రోజంతా ఇరవైమందికి పైగా పసిపిల్లల నడుమ గడిపిన ఉపాధ్యాయినికి సాయంత్రం తన ఇంటికి, తన బిడ్డలకు, తన నిద్రకు మిగిలేదెంత? వృత్తిలో ఎదగాలంటే చదవాలి, శిక్షణకు వెళ్ళాలి, కొత్త పద్ధతులు అలవరచుకోవాలి. ఆ సమయమంతా విశ్రాంతిలోనుంచే కోసుకోవాలా?

ఎదుగుదల, విశ్రాంతి ఒకదాని వాటాను మరొకటి తినేసే దాయాదులని చాలామంది భావిస్తారు. మనస్తత్వ శాస్త్రం, శరీర శాస్త్రం, విద్యా పరిశోధన చెప్పేది వేరు. ఉపాధ్యాయుని ఎదుగుదలకు మూలధనం గమనించే శక్తి. ఆ శక్తిని తిరిగి నింపేది విశ్రాంతి. ఈ సంగతిని లిమరిక్ నగరం ఆధారంగా పరిశీలిద్దాం.

ఎందుకు లిమరిక్?

ఐర్లండ్ పడమటి ప్రాంతంలో షానన్ నది ఒడ్డున వెలసిన లిమరిక్‌కు బడిపంతుళ్ళను తయారుచేసే ఊరుగా ఒక ప్రత్యేకత ఉన్నది. 1898లో మెర్సీ సన్యాసినుల సంఘం ఇక్కడ మేరీ ఇమ్మాక్యులేట్ కళాశాలను స్థాపించింది. దేశంలో ప్రాథమిక ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే ప్రధాన సంస్థలలో ఇది ఒకటి. 1991 నుంచి దీనికి లిమరిక్ విశ్వవిద్యాలయంతో విద్యా సంబంధం ఏర్పడింది. ఒకప్పుడు ఐర్లండ్‌లో ప్రాథమిక ఉపాధ్యాయుని శిక్షణ రెండేళ్ళు మాత్రమే. 1974లో అది పట్టా స్థాయికి చేరింది. 2012 నుంచి ఆ పట్టా చదువు నాలుగేళ్ళయింది. అక్షరాలు దిద్దించడానికి నాలుగేళ్ళ చదువెందుకని ఎవరైనా అడగవచ్చు. ఈ వ్యాసంలో కొంత భాగం ఆ ప్రశ్నకు సమాధానమే.

పని ఎంత? లెక్క ఎంత?

ఐరిష్ ప్రాథమిక పాఠశాల ఏడాదికి 183 దినాలు పనిచేస్తుంది. బడి దినం 5 గంటల 40 నిమిషాలు. అతి చిన్న తరగతుల పిల్లలు ఒక గంట ముందుగా ఇంటికి వెళ్ళవచ్చు. 183ను 5 గంటల 40 నిమిషాలతో గుణిస్తే 1,037 గంటలు వస్తాయి. 2010లో కుదిరిన ప్రభుత్వోద్యోగుల ఒప్పందం తరువాత సమావేశాలు, ప్రణాళికల నిమిత్తం ఏటా మరి 36 గంటలు చేరాయి. ఆ ఒప్పందానికి డబ్లిన్‌లోని ఒక క్రీడా మైదానం పేరు వచ్చింది. కనుక ఉపాధ్యాయులు వీటిని “క్రోక్ పార్క్ గంటలు” అని పిలుచుకుంటారు.

ఈ అంకెలు చూసి “హాయైన ఉద్యోగం” అనుకునేవారు ఐర్లండ్‌లోనూ ఉన్నారు, ఆంధ్ర, తెలంగాణలలోనూ ఉన్నారు. గడియారం కొలవలేనిది పని సాంద్రత. అమెరికా విద్యావేత్త ఫిలిప్ జాక్సన్ 1968లో వెలువరించిన గ్రంథంలో ఒక సంగతి నమోదు చేశాడు. ప్రాథమిక తరగతి ఉపాధ్యాయుడు పిల్లలతో జరిపే మాటామంతీ, సైగ, మందలింపు, అనుమతి వంటివన్నీ కలిపితే రోజుకు వెయ్యి వరకు ఉంటాయట. ఐరిష్ బడి దినంలో 340 నిమిషాలున్నాయి. ఆ లెక్కన నిమిషానికి మూడు. ప్రతి ఒక్కదానిలోనూ ఒక చిన్న నిర్ణయం దాగి ఉంటుంది. ఈ పిల్లవాణ్ణి ఇప్పుడు పిలవాలా, కాసేపు ఆగాలా? ఆ ఏడుపు కడుపునొప్పిదా, స్నేహితుడితో తగవుదా? కార్యాలయంలో పనిచేసేవారు ఒక ఉత్తరాన్ని పక్కన పెట్టి టీ తాగి రావచ్చు. ఆరేళ్ళ బిడ్డ ప్రశ్నను అలా పక్కన పెట్టడం సాధ్యం కాదు.

దీనికి తోడు మరొక శ్రమ ఉన్నది. లోపల విసుగున్నా ముఖాన ప్రసన్నత నిలుపుకోవాలి. సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో దీనికి “భావోద్వేగ శ్రమ” అని పేరు పెట్టింది. ఆమె ప్రధానంగా పరిశీలించినది విమాన పరిచారికలను. ఆ మాట బడిపంతులుకు మరింత వర్తిస్తుంది. విమాన ప్రయాణికులు గమ్యం చేరగానే దిగిపోతారు. తరగతిలోని పిల్లలు మర్నాడు ఉదయం మళ్ళీ వస్తారు.

32లోనుంచి 17 తీస్తే 25?

వృత్తి వికాసం అనగానే ధ్రువపత్రాలు, ఉపన్యాసాలు గుర్తుకు వస్తాయి. అసలు ఎదుగుదల ఎక్కడ జరుగుతుందో ఒక చిన్న ఉదాహరణ ద్వారా చూడవచ్చు.

ఒక పిల్ల పలక మీద 32లోనుంచి 17 తీసి 25 అని వేసింది. సరైన జవాబు 15. అనుభవం లేని పంతులు తప్పు గుర్తు పెట్టి ముందుకు సాగుతాడు. ఆరితేరిన పంతులు ఒక్క క్షణం ఆగుతాడు. ఒకట్ల స్థానంలో 2లోనుంచి 7 పోదు కనుక, ఆ పిల్ల 7లోనుంచి 2 తీసి 5 వేసింది. పదుల స్థానంలో 3లోనుంచి 1 తీసి 2 వేసింది. అంటే ఆమె తెలియక తోచిన అంకె వేయలేదు. “పెద్ద అంకెలోనుంచి చిన్న అంకె తీయాలి” అనే నియమాన్ని తనకు తానే కల్పించుకొని, దానిని నిష్ఠగా పాటించింది. ఆమెకు కావలసినది మరో పది లెక్కల అభ్యాసం కాదు. పది పుల్లల కట్టను విప్పి ఒకట్లుగా మార్చి చూపడం.

గణితం తెలిసినవారందరికీ ఈ చూపు ఉండదు. పిల్లల మనసు తెలిసినవారందరికీ ఉండదు. రెండూ కలిసిన చోట పుట్టే ఈ ప్రత్యేక జ్ఞానానికి 1986లో అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ శాస్త్రీయ గౌరవం కల్పించాడు. విషయం తెలిసి ఉండటం వేరు, ఆ విషయం పసివాడికి ఎక్కడ అడ్డుపడుతుందో తెలిసి ఉండటం వేరు అని అతడు స్పష్టం చేశాడు. అంతకు మూడేళ్ళ ముందు డొనాల్డ్ షోన్ అనే పండితుడు వృత్తి నిపుణులు పని చేస్తూనే ఆలోచిస్తారనీ, చేసిన పిదప దానిని నెమరువేసుకుంటారనీ వివరించాడు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉండటం ఒకటి, ఒక ఏడాది అనుభవాన్నే ఇరవైసార్లు తిరగవేయడం మరొకటి. ఆ రెంటినీ వేరుచేసేది ఈ నెమరువేతే.

లిమరిక్ వీధుల్లో బాల్యం గడిపి, అక్కడి లీమీ జాతీయ పాఠశాలలో చదివి, తరువాత న్యూయార్క్‌లో ఉపాధ్యాయుడైన ఫ్రాంక్ మెకోర్ట్ ఇందుకు మంచి తార్కాణం. బడి ఎగ్గొట్టిన విద్యార్థులు తల్లిదండ్రుల పేరిట దొంగ ఉత్తరాలు రాసి తెచ్చేవారు. శిక్షించడానికి అది చాలిన నేరం. మెకోర్ట్ వాటిలో మరొకటి గమనించాడు. వ్యాసం రాయమంటే కలం కదలని పిల్లలు ఈ ఉత్తరాలలో అద్భుతమైన కల్పన చూపుతున్నారు. అతడు దానినే రచనాభ్యాసంగా మార్చాడు. ఈ ఉదంతాన్ని 2005లో తన ఉపాధ్యాయ జీవితాన్ని గురించిన పుస్తకంలో చెప్పాడు. అంతకు ముందు 1996లో వెలువడిన అతని బాల్య స్మృతులకు పులిట్జర్ బహుమతి లభించింది. అయితే ఆ తొలి పుస్తకం వచ్చేనాటికి అతని వయసు 66 ఏళ్ళు. పదవీ విరమణ చేసిన తరువాతనే అతనికి రాయడానికి తీరిక చిక్కింది. రోజుకు ఐదు తరగతులు, వందకు మించిన రాతపుస్తకాలు మోసే ఉపాధ్యాయునికి సొంత రచన ఎంత దూరమో ఆ వయసే చెబుతుంది.

అలసట చేసే పని

ఇప్పుడు శరీరం సంగతి. మూత్రపిండాల మీద చిన్న టోపీల వలె అధివృక్క గ్రంథులు ఉంటాయి. ఒత్తిడి ఎదురైనప్పుడు ఇవి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తంలో చక్కెర అందుబాటులోకి వస్తుంది, మనసు అప్రమత్తమవుతుంది. 1936లో హాన్స్ సెల్యే ఈ ప్రతిస్పందనను గురించి తన తొలి లేఖను ‘నేచర్’ పత్రికలో ప్రచురించాడు. ఇది రోగం కాదు, రక్షణ. కార్టిసాల్‌కు ఒక దినచర్య కూడా ఉన్నది. నిద్ర లేచిన అర్ధగంట ముప్పావు గంటలో అది శిఖరానికి చేరి, పొద్దు గడిచేకొద్దీ తగ్గుతూ, రాత్రి నిద్రవేళకు అడుగంటుతుంది. పగటి ఒత్తిడిని రాత్రి కూడా తలలో తిప్పుకుంటూ ఉంటే ఈ అవరోహణకు అవరోధం కలుగుతుంది, నిద్ర పలచబడుతుంది. నిద్రలోనే మెదడు పగలు నేర్చినదానిని స్థిరపరుస్తుంది. కనుక నిద్ర చెడిన ఉపాధ్యాయుడు రెండు విధాల నష్టపోతాడు. నేటి పాఠం నుంచి తాను నేర్చినది నిలవదు. రేపటి తరగతిని గమనించే శక్తి ఉండదు.

అలాంటి రోజున ఆ పిల్ల పలక మీది 25 కేవలం తప్పుగానే కనబడుతుంది. దాని వెనుక ఉన్న ఆలోచన కనబడదు.

ఈ స్థితి నెలల తరబడి కొనసాగితే దానిని “వృత్తి దగ్ధత” అనవచ్చు. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దీనిని వర్ణించాడు. 1981లో క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ దీనికి కొలమానం రూపొందించారు. ఇందులో మూడు పాయలున్నాయి. మొదటిది భావశక్తి అడుగంటడం. రెండవది ఎదుటి మనిషి పట్ల మనసు మొద్దుబారడం. మూడవది తన పనికి విలువ లేదన్న భావన. రెండవ పాయ ఉపాధ్యాయుని విషయంలో ప్రమాదకరమైనది. పేరు పెట్టి పిలిచే పిల్లవాడు కాస్తా “ఆ అల్లరివాడు” అయిపోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దీనిని రోగంగా కాక, వృత్తి సంబంధమైన పరిణామంగా పేర్కొన్నది. దీనికి కారణాలను మనిషి బలహీనతలో కాక పని ఏర్పాటులో వెతకాలన్నది ఇందులోని సూచన.

గొంతు కూడా పనిముట్టే

ఉపాధ్యాయుల ఆరోగ్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు మరచిపోయే అవయవం స్వరపేటిక. స్త్రీల స్వరతంతువులు మాట్లాడేటప్పుడు సెకనుకు ఇంచుమించు 200 సార్లు కంపిస్తాయి. అంటే గంటసేపు నిలిపిన స్వరానికి ఏడు లక్షల ఇరవై వేల తాకిళ్ళు. కంఠం పెంచిన కొద్దీ ఆ తాకిడి తీవ్రమవుతుంది. ఇతర వృత్తులవారికంటె ఉపాధ్యాయులకు స్వర సమస్యలు ఎక్కువగా వస్తాయని పలు దేశాల పరిశీలనలు తేల్చాయి. చలికాలంలో గది వేడిచేసే యంత్రాలు గాలిని పొడిబారుస్తాయి, గొంతు మరింత ఎండుతుంది. తరచు నీళ్ళు తాగడం, అరుపుకు బదులు చప్పట్లతోనో చేయెత్తడంతోనో తరగతిని నిశ్శబ్దపరచడం, మధ్యాహ్న విరామంలో గొంతుకు కూడా విరామమివ్వడం మంచి అలవాట్లు. బొంగురు గొంతు రెండు మూడు వారాలకు మించి ఉంటే వైద్యునికి చూపించాలి.

పెళ్ళా, పలకా?

ఇల్లు, బడి రెండింటి సమతూకాన్ని ఐర్లండ్‌లో ఒకప్పుడు చట్టమే తేల్చింది. 1933 జూలై 1 తరువాత అర్హత పొందిన స్త్రీలు వివాహం చేసుకోగానే ప్రాథమిక ఉపాధ్యాయ పదవిని వదలుకోవాలని ప్రభుత్వం నియమం చేసింది. 1934 అక్టోబరు నుంచి అది అమలైంది. 1868లో ఏర్పడిన ఐరిష్ జాతీయ ఉపాధ్యాయ సంఘం దీనిని వ్యతిరేకించినా ఫలితం లేకపోయింది. ఉపాధ్యాయుల కొరత బాధించిన తరువాత, 1958లో ఈ నిషేధాన్ని తొలగించారు.

దాదాపు పాతికేళ్ళపాటు ఆ దేశం కోల్పోయినదేమిటి? బడి వదిలిన ప్రతి స్త్రీతోనూ ఆమె సంపాదించుకున్న చూపు కూడా వెళ్ళిపోయింది. 25 వెనుక ఉన్న ఆలోచనను పట్టుకునే చూపు శిక్షణలో మొలకెత్తి, తరగతిలో ఏళ్ళ తరబడి పెరుగుతుంది. అది పక్వమయ్యే వేళకు ఆమెను ఇంటికి పంపేవారు. నేడు ఐరిష్ ప్రాథమిక ఉపాధ్యాయులలో పదింట ఎనిమిది మందికి పైగా స్త్రీలే. చట్టం తొలగింది కాని ఇంటిపని తొలగలేదు. పూర్వం నియమం పేరుతో వెళ్ళిపోయినవారు ఇప్పుడు అలసట పేరుతో వెళ్ళిపోకుండా చూడటమే అసలు ప్రశ్న.

ఎదుగుదలకు సెలవు బహుమానం

ఈ ప్రశ్నకు ఐర్లండ్ కొన్ని జవాబులు ప్రయత్నించింది. అన్నింటికంటె ఆసక్తికరమైనది వేసవి కోర్సుల ఏర్పాటు. వేసవిలో 20 గంటల ఆమోదిత కోర్సు ఒకటి పూర్తిచేసిన ప్రాథమిక ఉపాధ్యాయునికి రాబోయే విద్యా సంవత్సరంలో 3 దినాల అదనపు సొంత సెలవు లభిస్తుంది. రెండు కోర్సులకు 4 దినాలు, మూడింటికి 5 దినాలు. లిమరిక్‌తో సహా పలు పట్టణాలలోని ఉపాధ్యాయ సహాయ కేంద్రాలు ఇలాంటి కోర్సులను నిర్వహిస్తాయి. ఇక్కడ ఒక అంశం గమనార్హం. మొదటి కోర్సుకు మూడు దినాలు దక్కితే, రెండవదానికి ఒక్కటే, మూడవదానికి ఒక్కటే. కోర్సులు పోగుచేసుకున్న కొద్దీ లాభం తగ్గుతుంది. నేర్చుకోవడానికి వేసవిలో కొంత ఇవ్వాలి, మిగిలిన వేసవి విశ్రాంతికే ఉండాలి అని ఆ లెక్కే చెబుతున్నట్లుంది.

కొత్తగా చేరినవారికి “వంతెన” అనే అర్థమిచ్చే ఐరిష్ పేరుతో ఒక ప్రవేశ విధానం ఉన్నది. ప్రాథమిక స్థాయిలో వరుసగా కనీసం 60 పాఠశాల దినాలపాటు అనుభవజ్ఞులు కొత్తవారికి అండగా ఉంటారు. కొత్తవారు వారి తరగతులను చూస్తారు, వారు వీరి తరగతులను చూస్తారు. వినిన ఉపన్యాసంకంటె, తరగతిలో ప్రయత్నించి తోటివారి సలహాతో సరిదిద్దుకున్న పద్ధతే నిలుస్తుందని బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980 దశకం నుంచి చెబుతూ వచ్చారు. ఈ వంతెన ఆ సూత్రం మీదనే నిలిచింది.

2016లో ఐరిష్ ఉపాధ్యాయ మండలి “కొసాన్” అనే చట్రాన్ని ప్రచురించింది. ఐరిష్ భాషలో ఆ మాటకు “కాలిబాట” అని అర్థం. ఉపాధ్యాయుడు నేర్చుకోవలసిన రంగాలలో చదువు, లెక్కలతోపాటు ఉపాధ్యాయుని స్వీయక్షేమాన్ని కూడా ఇందులో చేర్చారు. ఇవికాక, ఒక పదవిని ఇద్దరు పంచుకొని పనిచేసే సౌకర్యం, ఏళ్ళ తరబడి ఉద్యోగ విరామం తీసుకొని తిరిగి చేరే సౌకర్యం కూడా ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో పనివేళల తరువాత ఉద్యోగ సంబంధమైన సందేశాలకు దూరంగా ఉండే హక్కును గురించిన నియమావళి దేశమంతటికీ వెలువడింది.

తెలుగునాట కూడా ఈ ఆలోచన కొత్తది కాదు. 1980 దశకంలో బ్రిటిష్ సహాయంతో ప్రారంభమై 1996 వరకు నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం “ఉపాధ్యాయ కేంద్రాలను” నెలకొల్పింది. చుట్టుపక్కల పల్లెల పంతుళ్ళు ఒకచోట కలిసి, తయారుచేసిన బోధన సామగ్రిని చూపుకొని, తమ తరగతుల కష్టసుఖాలు చెప్పుకొనేవారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒంటరిగా ఉన్న పంతులుకు మరొక పంతులు ముఖం కనబడటమే పెద్ద శిక్షణ.

బడి గుమ్మం దాటే ముందు

శాస్త్రం నుంచి ఆచరణకు ఏం తీసుకోవచ్చు? 1927లో బ్లూమా జైగార్నిక్ అసంపూర్తిగా మిగిలిన పనులు మనసులో ఎక్కువగా మెదులుతాయని ప్రతిపాదించింది. తరువాతి ప్రయోగాలన్నీ ఆ ఫలితాన్ని సమానంగా బలపరచలేదు. అయితే 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఉపయోగకరమైన సంగతి కనుగొన్నారు. మిగిలిన పనిని పూర్తిచేయకపోయినా, దానిని ఎప్పుడు ఎలా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకుంటే మనసు దానిని వదిలిపెడుతుంది. కనుక బడి విడిచే ముందు పది నిమిషాలు కూర్చుని రేపటి పనులను కాగితం మీద పెట్టడం గంటసేపటి సాయంత్రపు చింతకు విరుగుడు.

రెండవది, ఏడాదికి ఒక్క అంశం ఎంచుకోవడం. ఒకే సంవత్సరంలో చదువు పద్ధతి, లెక్కల పద్ధతి, తరగతి క్రమశిక్షణ అన్నీ మార్చబూనితే ఏదీ నిలవదు. తీసివేతలలో పిల్లల పొరపాట్లను ఒక్క ఏడాది శ్రద్ధగా నమోదు చేసిన ఉపాధ్యాయినికి అది జీవితాంతం ఉపకరిస్తుంది. మూడవది, తోటివారిలో ఒకరితో జతకట్టి, నెలకోసారి పరస్పరం తరగతి చూసుకోవడం. నాలుగవది, బడితో సంబంధం లేని ఒక వ్యాపకం. షానన్ ఒడ్డున నడకైనా, వీణ అయినా, పెరటిలో మెంతికూర అయినా సరే. జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు సబీనా సొన్నెన్‌టాగ్ పరిశోధనల ప్రకారం సాయంత్రం పని నుంచి మనసును నిజంగా మళ్ళించగలిగినవారు మర్నాడు మెరుగైన స్థితిలో పనికి వస్తారు.

ప్రవాసాంధ్ర కుటుంబాలకు

ఈ చర్చ మన కుటుంబాలకు మూడు విధాల వర్తిస్తుంది. మన దేశంలో ఉపాధ్యాయ శిక్షణ పొంది ఐర్లండ్ వచ్చిన స్త్రీలు అక్కడి ఉపాధ్యాయ మండలిలో నమోదు కావాలి. ప్రాథమిక తరగతి నడపడానికి నిర్ణీత గడువులోపల ఐరిష్ భాషార్హత కూడా సాధించాలి. పగలు ఉద్యోగం, సాయంత్రం కొత్త భాష, నడుమ వంట, పిల్లలు. పక్కన అత్తగారో అమ్మో లేని పరాయి దేశంలో ఈ బరువు ఒక్కరే మోయడం న్యాయం కాదు. ఆమె చదువుకునే గంటను ఇల్లంతా కాపాడవలసిన గంటగా భావించాలి.

వారాంతంలో పిల్లలకు తెలుగు నేర్పే తల్లులు, తండ్రులు ఎందరో ఉన్నారు. వారు కూడా ఉపాధ్యాయులే. వారమంతా ఆసుపత్రిలోనో కర్మాగారంలోనో పనిచేసి, శనివారం ఒత్తులు, గుణింతాలు దిద్దిస్తారు. ఒకరే ఏళ్ళ తరబడి మోసి అలసిపోయి మానడంకంటె, ఇద్దరు ముగ్గురు వంతులవారీగా పంచుకుంటే బడి నిలుస్తుంది.

ఇక మన పిల్లల ఉపాధ్యాయుల సంగతి. రాత్రి పదింటికి సందేశం పంపి వెంటనే జవాబు ఆశించకపోవడం, తల్లిదండ్రుల సమావేశానికి వేళకు వెళ్ళడం, “మా అబ్బాయికి ఎన్ని మార్కులు?” అనే ప్రశ్నకు ముందు “మా అబ్బాయిలో మీరు ఏం గమనించారు?” అని అడగడం మన చేతిలోని పనులు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పగల ఉపాధ్యాయుడు దొరకడం బిడ్డ అదృష్టం. అలాంటి ఉపాధ్యాయుని కన్ను మర్నాడు కూడా తేటగా ఉండేందుకు అతని సాయంత్రాన్ని అతనికి విడిచిపెట్టాలి.